ఐర్లాండ్ నది మీద మినార్ల గేటు: హెన్రీ విలియర్స్-స్టూవర్ట్ జీవిత కథ

ఐర్లాండ్ దక్షిణాన వాటర్‌ఫోర్డ్ అనే జిల్లా ఉంది. అక్కడ కాపొక్విన్ అనే చిన్న ఊరు దాటి విలియర్స్‌టౌన్ వైపు వెళ్తుంటే ఫినిస్క్ అనే ఒక వాగు అడ్డం వస్తుంది. ఆ వాగు మీద రాతి వంతెన. వంతెనను ఆనుకుని ఒక గేటు. చూసినవాళ్లు ఒక్క క్షణం ఎక్కడున్నామో మర్చిపోతారు. ఎందుకంటే ఆ గేటు మీద ఉల్లిగడ్డ ఆకారంలో రాగి గుమ్మటం ఉంది, సన్నని మినార్లు ఉన్నాయి. చుట్టూ చూస్తే పచ్చిక, వర్షం, ఐరిష్ అడవి.

దాని పేరు డ్రొమానా గేటు. ఒక పెద్ద జమీందారీ ఎస్టేట్‌కు అది ముఖద్వారం. దాన్ని మసీదుగా ఎవరూ కట్టలేదు, అక్కడ ముస్లింలూ లేరు. దాన్ని కట్టించిన దొర పేరు హెన్రీ విలియర్స్-స్టూవర్ట్. ఐర్లాండ్ చరిత్రలో ఆయన పేరు గుర్తుండిపోవడానికి కారణం మాత్రం ఈ గేటు కాదు. 23 ఏళ్ల వయసులో, తన మజ్హబ్ కాని ప్రజల హక్కు కోసం, తన వర్గానికే ఎదురు నిలబడి గెలిచిన ఒక ఎన్నిక ఆయనను చరిత్రలోకి ఎక్కించింది. ఆ ఎన్నికా, ఈ గేటూ ఒకే సంవత్సరంలో మొదలయ్యాయి. అది 1826.

ఆరేళ్లకే యతీమ్

హెన్రీ 1803లో పుట్టాడు. తండ్రి లార్డ్ హెన్రీ స్టూవర్ట్, స్కాట్లాండ్‌కు చెందిన బ్యూట్ ప్రభువుల వంశం. ఆ వంశంలో హెన్రీ ముత్తాత 1762లో బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. తల్లి లేడీ గెర్‌ట్రూడ్ విలియర్స్, గ్రాండిసన్ ప్రభువు కూతురు, డ్రొమానా ఎస్టేట్‌కు వారసురాలు. 1809లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అప్పటికి హెన్రీకి ఆరేళ్లు. వేల ఎకరాల ఆస్తికి వారసుడు, కానీ యతీమ్. పెద్దయ్యాక, 1822లో, తల్లివైపు పేరు విలియర్స్‌ను కూడా తన పేరులో చేర్చుకున్నాడు. ఆస్తి తల్లి వైపు నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు నిలబెట్టాలన్నది ఆనాటి పద్ధతి.

డ్రొమానా కోట బ్లాక్‌వాటర్ నది పక్కన ఎత్తైన గట్టు మీద ఉంది. ఫిట్జ్‌జెరాల్డ్ అనే పాత ఐరిష్ ప్రభు కుటుంబం శతాబ్దాల పాటు అక్కడ ఉండేది. 17వ శతాబ్దం చివర్లో ఆ ఇంటి కూతురిని విలియర్స్ కుటుంబం చేసుకోవడంతో ఎస్టేట్ చేతులు మారింది. ఆ తర్వాత 18వ శతాబ్దం మధ్యలో గ్రాండిసన్ ప్రభువు ఆ భూముల్లో విలియర్స్‌టౌన్ అనే కొత్త ఊరు కట్టించి, ఉత్తరాది నుంచి ప్రొటెస్టెంట్ నేతగాళ్లను తెచ్చి అక్కడ పెట్టాడు. చుట్టూ ఉన్న కౌలు రైతులేమో కాథలిక్కులు. అంటే దొర ఒక మజ్హబ్, దున్నేవాడు ఇంకో మజ్హబ్. హెన్రీకి వారసత్వంగా వచ్చింది భూమి ఒక్కటే కాదు, ఈ తేడా కూడా.

మెజారిటీ ప్రజలు, మైనారిటీ హక్కులు

అప్పటి ఐర్లాండ్ పరిస్థితి తెలియకపోతే 1826 ఎన్నిక విలువ అర్థం కాదు. దేశంలో దాదాపు ఐదుగురిలో నలుగురు కాథలిక్కులు. రాజ్యం, న్యాయస్థానాలు, భూమి మాత్రం ప్రొటెస్టెంట్ల చేతుల్లో ఉండేవి. 18వ శతాబ్దమంతా కాథలిక్కులు భూమి కొనడానికి, వారసత్వంగా పొందడానికి, బడి నడపడానికి, ఆయుధం పట్టడానికి చట్టాలు అడ్డుపడ్డాయి. ఆ చట్టాలు ఒక్కొక్కటిగా సడలుతూ వచ్చి, 1793లో కాథలిక్కులకు ఓటు హక్కు దొరికింది. కానీ పార్లమెంటులో కూర్చునే హక్కు దొరకలేదు.

అడ్డుకున్నది ఒక ప్రమాణం. ఎంపీగా కూర్చోవాలంటే కాథలిక్ విశ్వాసాల్లో ముఖ్యమైనవి అబద్ధమని సభ ముందు ప్రమాణం చేయాలి. ఏ కాథలిక్ అయినా నమ్మకం వదిలితే తప్ప ఆ గుమ్మం దాటలేడు. ఓటు వేయవచ్చు, కానీ తనవాడికి వేసే వీల్లేదన్నమాట. 1801లో ఐర్లాండ్ పార్లమెంటును రద్దు చేసి దేశాన్ని బ్రిటన్‌తో కలిపేశారు. కాథలిక్కులకు సమాన హక్కులు వస్తాయని ఆ సమయంలో ఆశ పెట్టారు. పాతికేళ్లు గడిచినా ఆ మాట నెరవేరలేదు.

ఆ ఓటు కూడా నిజానికి ఎవరి చేతిలో ఉంది? ఏడాదికి 40 షిల్లింగుల విలువ చేసే కౌలు హక్కు ఉన్న రైతుకు ఓటు ఉండేది. రహస్య బ్యాలెట్ లేదు. పోలింగ్ రోజు అందరి ముందూ నిలబడి, ఎవరికి ఓటో గట్టిగా చెప్పాలి. దొర మనిషి పక్కనే నిలబడి వింటాడు. దొర చెప్పినవాడికి వేయకపోతే మర్నాడు బకాయి కట్టమని నోటీసు, తర్వాత పొలం ఖాళీ చేయమని నోటీసు. అందుకే భూస్వాములు కావాలనే ఇలాంటి చిన్న కౌలుదార్లను వందల్లో తయారు చేసేవాళ్లు. కౌలుదార్లు ఎంతమంది ఉంటే దొర చేతిలో అన్ని ఓట్లు.

1823లో డేనియల్ ఓకానెల్ అనే న్యాయవాది కాథలిక్ అసోసియేషన్ పెట్టాడు. మరుసటి ఏడాది నెలకు ఒక పెన్నీ చందా మొదలుపెట్టాడు. మన ఊళ్లలో మసీదు కమిటీకి ఇంటింటా చందా పోగేసినట్టే, చర్చి గుమ్మం దగ్గర పేదవాడి నుంచి పెన్నీ వసూలు చేశారు. చిన్న మొత్తమే, కానీ ఇచ్చిన ప్రతివాడూ ఉద్యమంలో సభ్యుడయ్యాడు. రాజకీయం దొరల బంగ్లా నుంచి చర్చి ముంగిట్లోకి వచ్చింది.

1826: దొరను ఓడించిన కౌలుదార్లు

వాటర్‌ఫోర్డ్ జిల్లాలో బెరెస్‌ఫోర్డ్ కుటుంబం మాటే చెల్లేది. జిల్లా సీటును వాళ్లు సొంత ఆస్తిలా చూసుకున్నారు. లార్డ్ జార్జ్ బెరెస్‌ఫోర్డ్ ఏళ్ల తరబడి ఎంపీ. కాథలిక్ హక్కులకు గట్టి వ్యతిరేకి. ఆయన్ని ఓడించాలంటే నిలబెట్టే మనిషి కాథలిక్ అయ్యే వీల్లేదు, చట్టం ఒప్పుకోదు. కాబట్టి కాథలిక్కుల పక్షాన నిలబడే ప్రొటెస్టెంట్ కావాలి. ఖర్చు తట్టుకోవాలి, పేరున్న వంశం కావాలి. థామస్ వైజ్ అనే స్థానిక కాథలిక్ నాయకుడు, ఆయన సహచరులు డ్రొమానా యువ వారసుడిని ఎంచుకున్నారు. హెన్రీ ఒప్పుకున్నాడు.

ఒప్పుకోవడం అంత తేలిక కాదు. బెరెస్‌ఫోర్డులు అదే జిల్లావాళ్లు, అదే వర్గం, అదే చర్చి. వేటలో, విందులో, కోర్టులో రోజూ ఎదురయ్యే జనం. వాళ్ల దృష్టిలో ఇది సొంత కౌమ్‌కు చేసిన ద్రోహం. అయితే ఒక నిజం కూడా చెప్పుకోవాలి. హెన్రీకి పోయేదేమైనా ఉంటే అది పరువు, స్నేహాలు, డబ్బు. పొలం పోతుందనే భయం ఆయనకు లేదు. ఆ భయం ఆయనకు ఓటు వేసేవాళ్లది.

ప్రచారం నెలల ముందు నుంచే మొదలైంది. ఊరూరా కమిటీలు, ఓటర్ల జాబితాలు, పారిష్ చర్చిల్లో పాదరీల ప్రసంగాలు. ఓకానెల్ స్వయంగా వచ్చి ప్రచారం చేశాడు. గొడవ జరిగితే ప్రభుత్వానికి సాకు దొరుకుతుందని నాయకులకు తెలుసు. అందుకే జనం శాంతంగా, క్రమశిక్షణతో ఉండాలని గట్టిగా చెప్పారు. ఆనాటి ఐరిష్ ఎన్నికల్లో మద్యం పారేది, కర్రలు లేచేవి. ఈసారి అలా జరగలేదు.

1826 వేసవిలో పోలింగ్ రోజుల తరబడి సాగింది. ఒక్కో కౌలుదారూ ముందుకొచ్చి, దొర మనుషుల ఎదుటే, హెన్రీ విలియర్స్-స్టూవర్ట్ పేరు చెప్పాడు. బెరెస్‌ఫోర్డ్ సొంత భూముల్లో బతికే రైతులు కూడా అదే పని చేశారు. ఓట్ల లెక్క ఎటు పోతోందో తెలిసి, పోలింగ్ పూర్తికాకముందే బెరెస్‌ఫోర్డ్ తప్పుకున్నాడు. ఓడిపోనిదనుకున్న కుటుంబం ఓడిపోయింది. అదే ఏడాది మరికొన్ని జిల్లాల్లో కూడా రైతులు ఇలాగే దొరలకు ఎదురుతిరిగారు.

ఆ తర్వాత అనుకున్నదే జరిగింది. ఎదురు ఓటు వేసిన కౌలుదార్లకు చాలాచోట్ల పాత బకాయిల నోటీసులు వచ్చాయి. అలా దెబ్బతిన్నవాళ్లను ఆదుకోవడానికి ఓకానెల్ కొత్తగా చందా ఎత్తాడు. పేదవాడు గెలిపించిన హక్కుకు పేదవాడే ముందుగా మూల్యం కట్టాడు.

పెళ్లి, స్వాగతం, ఉత్తుత్తి గేటు

అదే 1826లో హెన్రీ పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురు తెరేసియా పౌలీనా ఓట్, ఆస్ట్రియా రాజధాని వియన్నాకు చెందినది. కొత్త జంట ఇంగ్లండ్ సముద్రతీరంలోని బ్రైటన్‌లో కొన్నాళ్లు గడిపి డ్రొమానాకు వచ్చారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. వాళ్లను పిలుచుకోవడానికి కౌలుదార్లు ఎస్టేట్ మొదట్లో ఒక తాత్కాలిక గేటు నిలబెట్టారు. కర్ర, గుడ్డ, కాగితం లాంటి తేలిక సామానుతో చేసినది. మన దగ్గర దూల్హా దూల్హన్ వస్తుంటే వీధి మొగలో కమాన్ కట్టినట్టే. దాని ఆకారం మాత్రం బ్రైటన్‌లో ఉన్న రాజుగారి పెవిలియన్‌ను పోలి ఉంది. గుమ్మటం, మినార్లు అన్నీ. కొత్త దంపతులకు అది ఎంత నచ్చిందంటే, తర్వాత దాన్నే రాయితో శాశ్వతంగా కట్టించారు.

బ్రైటన్ పెవిలియన్ కథ ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఇంగ్లండ్ యువరాజు, తర్వాత నాలుగవ జార్జ్ రాజు, తన విలాస భవనాన్ని జాన్ నాష్ అనే ఆర్కిటెక్ట్ చేత 1815 నుంచి 1822 వరకు మళ్లీ కట్టించాడు. బయటంతా మొఘల్ పోలిక, లోపలంతా చైనా అలంకారం. నాష్ హిందుస్థాన్ ఎప్పుడూ చూడలేదు. థామస్, విలియం డేనియెల్ అనే చిత్రకారులు మన దేశమంతా తిరిగి గీసిన కోటలు, మసీదులు, గుళ్ల చిత్రాలు అప్పట్లో ఇంగ్లండ్ ఆర్కిటెక్టులకు పాఠ్యపుస్తకంలా ఉండేవి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో సంపాదించిన చార్లెస్ కాకరెల్ అనే ఆయన సెజిన్‌కోట్ అనే తన ఎస్టేట్‌లో అంతకుముందే గుమ్మటం ఉన్న బంగ్లా కట్టించాడు. యువరాజు అది చూశాడు. అలా మొఘల్ గుమ్మటం ఇంగ్లండ్‌లో ఫ్యాషన్ అయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో దీనికి తలకిందులుగా జరుగుతోంది. మూసీ ఒడ్డున, తర్వాత కోఠి మహిళా కళాశాల నడిచిన ఆవరణలో, బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కోసం యూరప్ పద్ధతిలో పెద్ద స్తంభాల భవనం లేచింది. గుమ్మటాల నగరంలో స్తంభాలు, స్తంభాల దేశంలో గుమ్మటాలు. రెండింటి వెనకా ఒకే రాజ్యం.

బ్రైటన్‌కూ ఐర్లాండ్‌కూ మధ్య ఇంకో మనిషి కూడా ఉన్నాడు. పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్. కంపెనీ సైన్యంతో తిరిగి, 1784లో వాటర్‌ఫోర్డ్ పక్క జిల్లా అయిన కార్క్‌కు చేరి అక్కడ కాపురం పెట్టాడు. 1794లో తన ప్రయాణాల పుస్తకం ఇంగ్లిషులో అచ్చు వేయించాడు. ఒక భారతీయుడు ఇంగ్లిషులో రాసి అచ్చు వేయించిన మొదటి పుస్తకం అదే. తర్వాత బ్రైటన్ చేరి ఆవిరి స్నానాలు, చంపీ చేసే హమామ్ పెట్టి, రాజుగారికే చంపీ చేసే స్థాయికి ఎదిగాడు. కొత్త జంట బ్రైటన్‌లో ఉన్న కాలంలో అక్కడ ఆ హమామ్ బాగా నడుస్తూ ఉంది.

ఒక విచిత్రం గమనించాలి. గుమ్మటాల పెవిలియన్ కట్టించుకున్న ఆ నాలుగవ జార్జ్ రాజే కాథలిక్కులకు సమాన హక్కులు ఇవ్వడాన్ని చివరిదాకా అడ్డుకున్నాడు. అదే గుమ్మటం పోలికను తన వాకిట్లో పెట్టుకున్న హెన్రీ ఆ హక్కుల కోసం గెలిచి వచ్చాడు. కట్టడం చూసి కట్టించినవాడి మనసు చెప్పలేం.

గేట్ లాడ్జ్ అంటే ఏమిటి?

ఇంగ్లండ్, ఐర్లాండ్‌లలో ప్రతి పెద్ద ఎస్టేట్‌కు చుట్టూ గోడ ఉండేది. లోపలికి పోయే బాట మొదట్లో గేటు, గేటు పక్కన కాపలావాడి ఇల్లు. దాన్నే గేట్ లాడ్జ్ అంటారు. హైదరాబాద్ దేవిడీల కమాన్, దాని పక్క దర్బాన్ గది గుర్తు చేసుకుంటే తొందరగా అర్థమవుతుంది. బగ్గీ చప్పుడు వినగానే వచ్చి గేటు తీయడం, తెలియనివాళ్లను ఆపడం, రాత్రి తాళం వేయడం కాపలా కుటుంబం పని. పగలు, రాత్రి, వానా తేడా లేదు. భర్త తోటలోనో పొలంలోనో పనికి పోతే గేటు భారం భార్యా పిల్లల మీద ఉండేది.

అసలు బంగ్లా గేటు నుంచి చాలా దూరంలో, చెట్ల వెనక ఉంటుంది. వచ్చినవాడికి మొదట కనబడేది ఈ చిన్న ఇల్లే. కాబట్టి దొర గొప్పతనం అక్కడే తెలిసిపోవాలి. అందుకే ఆర్కిటెక్టులు గేట్ లాడ్జ్‌ల మీద తమ సరదా అంతా చూపించేవాళ్లు. ఒకచోట గ్రీకు గుడి, ఒకచోట చిన్న కోట, ఇంకోచోట గడ్డి కప్పిన బొమ్మరిల్లు. బంగ్లా విషయంలో చేయలేని ప్రయోగం గేటు దగ్గర చేయవచ్చు, ఖర్చు తక్కువ. బయటికి అందం ఎంతున్నా లోపల గదులు ఇరుకు. కొన్ని ఎస్టేట్లలో అందం కోసం గేటుకు రెండు వైపులా ఒకేలాంటి రెండు చిన్న ఇళ్లు కట్టి, ఒకే కుటుంబాన్ని రెండింట్లో ఉంచేవాళ్లు. వంట ఒక పక్క, పడక ఇంకో పక్క. నిద్రపోవాలంటే బాట దాటాలి.

డ్రొమానా గేటు కూడా రెండు పక్కల రెండు లాడ్జ్‌లు, మధ్యలో ఎత్తైన కమాన్ ఉన్న కట్టడం. కమాన్ మొన దేరి ఉంటుంది. కిటికీలు కూడా మొన దేరినవే, పాత యూరప్ చర్చిల గోథిక్ పద్ధతి. పైన రాగి రేకు కప్పిన ఉల్లిగడ్డ గుమ్మటం, దానికి తోడుగా సన్నని మినార్లు. కింద సగం చర్చి పోలిక, పై సగం మొఘల్ పోలిక. ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో దీన్ని హిందూ-గోథిక్ అంటారు. నిజానికి ఆ గుమ్మటం, మినార్లు వచ్చింది మన దేశపు ముస్లిం కట్టడాల నుంచి. హిందుస్థాన్ నుంచి వచ్చిన ప్రతిదాన్నీ ఆనాటి ఆంగ్లేయులు హిందూ అనే పిలిచేవాళ్లు, అందుకే ఆ పేరు పడింది. చార్మినార్ మినార్లకు లోపల మెట్లున్నాయి, అంతస్తులున్నాయి, పైన మసీదు ఉంది. డ్రొమానా మినార్లు చూపుకే. అజాన్ కోసం కట్టినవి కావు.

దాని చోటు మాత్రం చాలా తెలివిగా ఎంచారు. ఫినిస్క్ వాగు ఎస్టేట్‌కు సహజమైన సరిహద్దు. వంతెన మీదుగా వచ్చేవాడికి నీళ్లలో నీడతో సహా గేటు కనబడుతుంది. చెట్ల మధ్య వేరే ఏ కట్టడమూ పోటీకి ఉండదు.

హక్కు వచ్చింది, ఓటు పోయింది

వాటర్‌ఫోర్డ్ గెలుపు చూసి ఓకానెల్ ఇంకో అడుగు వేశాడు. 1828లో క్లేర్ జిల్లాలో, కాథలిక్ అయి ఉండి, తానే పోటీకి నిలబడ్డాడు. 982 ఓట్లకు 2057 ఓట్లతో గెలిచాడు. ఆ ప్రమాణం చేయనన్నాడు కాబట్టి సభలో కూర్చోనివ్వరు. కూర్చోనివ్వకపోతే దేశం తిరగబడుతుందేమోనని ప్రభుత్వానికి భయం పట్టుకుంది. చివరికి ప్రధాని వెల్లింగ్టన్ దిగివచ్చాడు. 1829 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది. కాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరుచుకున్నాయి. హెన్రీ ఏ మాట మీద గెలిచాడో ఆ మాట మూడేళ్లలో నెరవేరింది.

కానీ ఆ చట్టంతో పాటే ఇంకో చట్టం పట్టుకొచ్చారు. ఓటు హక్కుకు 40 షిల్లింగుల హద్దు తీసేసి 10 పౌండ్లు చేశారు. అంటే ఐదు రెట్లు. ఐర్లాండ్ జిల్లాల్లో దాదాపు 2,16,000 మంది ఉన్న ఓటర్లు ఒక్కసారిగా 37,000కు పడిపోయారు. పొలం పోతుందని తెలిసీ దొర ఎదుట నోరు విప్పిన చిన్న రైతులే ఓటు పోగొట్టుకున్నారు. డబ్బున్న కాథలిక్ లాయరు, వ్యాపారి పార్లమెంటుకు పోయారు. వాళ్లను పంపే దారి వేసిన కౌలుదారు గుమ్మం బయటే మిగిలాడు. ఓకానెల్ 1825లో ఒకసారి ఇలాంటి షరతుకు తలూపి, విమర్శలు రావడంతో వెనక్కి తగ్గాడు. 1829లో దాన్ని ఆపలేకపోయాడు.

దాని ఫలితం వాటర్‌ఫోర్డ్‌లో వెంటనే కనబడింది. 1830లో హెన్రీ ఆ సీటు వదిలాడు. నాలుగేళ్ల కింద ఓడిపోయిన లార్డ్ జార్జ్ బెరెస్‌ఫోర్డ్ మళ్లీ ఎంపీ అయ్యాడు. అదే ఏడాది సాధారణ ఎన్నికల్లో ఆయన పక్కన రెండో సీటులో గెలిచింది డేనియల్ ఓకానెల్.

పదవి, కరువు

1831లో ప్రభుత్వం హెన్రీని వాటర్‌ఫోర్డ్ జిల్లాకు లార్డ్ లెఫ్టినెంట్‌గా నియమించింది. జిల్లాలో రాజుగారి తరఫు మొదటి మనిషి అన్నమాట. చనిపోయేదాకా, 43 ఏళ్లు, ఆ పదవిలో ఉన్నాడు. 1839లో స్టూవర్ట్ డి డెసీస్ ప్రభువు అనే బిరుదు ఇచ్చి ప్రభువుల సభలోకి తీసుకున్నారు. 23 ఏళ్ల తిరుగుబాటుదారు ఇప్పుడు రాజ్యానికి ముఖ్యమైన మనిషి.

అప్పుడు కరువు వచ్చింది. 1845 నుంచి బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. పేద ఐరిష్ కుటుంబానికి అదే మూడు పూటల తిండి. ఏళ్ల తరబడి పంట పోయింది, అదే సమయంలో ధాన్యం ఓడలెక్కి బయటికి పోతూనే ఉంది. 1846 సెప్టెంబరులో వాటర్‌ఫోర్డ్ జిల్లాలోనే డంగార్వన్ రేవు పట్టణంలో ఆకలితో వచ్చిన గుంపు మీద గుర్రపు సిపాయిలు కాల్పులు జరిపారు. గాయపడిన ఒక కూలీ చనిపోయాడు. దేశమంతటా దాదాపు పది లక్షల మంది ఆకలికి, జబ్బులకు పోయారు. ఇంకో పది లక్షల మంది దేశం వదిలారు. 1841లో 82 లక్షలు ఉన్న జనాభా 1851కి 65 లక్షలకు పడిపోయింది.

దూరాల నుంచి సాయం వచ్చింది. మొట్టమొదటి చందాల్లో ఒకటి కలకత్తాలో పోగైనది. 1847లో ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ వెయ్యి పౌండ్లు పంపాడు. గుమ్మటాల గేటున్న ఆ దేశానికి నిజమైన గుమ్మటాల నగరం ఇస్తాంబుల్ నుంచి అందిన చేయి అది.

డ్రొమానా గేటుకు ఆర్కిటెక్ట్ మార్టిన్ డే గీసిన నక్షా మీద ఉన్న సంవత్సరం 1849. అంటే కరువు ఇంకా తీరని రోజులు. 1826లో కౌలుదార్లు తమ చేతులతో నిలబెట్టిన స్వాగత గేటుకు నక్షా కాగితం మీద గీసేనాటికి, ఆ చేతుల్లో ఎన్ని మిగిలాయన్నది ఎవరికైనా వచ్చే ప్రశ్న. ఆ చేతుల పేర్లు ఏ రాయి మీదా లేవు. అలాంటి గేట్లు, గోడలు ఆ కాలంలో ఐర్లాండ్ అంతటా చాలా లేచాయి. కొన్ని సరదా కోసం, కొన్ని పనిలేనివాళ్లకు కూలి దొరకాలని. కట్టడం ఎంత అందంగా ఉన్నా కట్టిన సంవత్సరం కూడా చదవాలి.

నిరూపించలేకపోయిన పెళ్లి

హెన్రీ విలియర్స్-స్టూవర్ట్ 1874 జనవరిలో చనిపోయాడు. అప్పటికి రెండేళ్ల ముందే, 1872లో, రహస్య బ్యాలెట్ చట్టం వచ్చింది. తనను గెలిపించిన కౌలుదార్లు దొర ముఖం చూస్తూ ఓటు చెప్పిన 46 ఏళ్లకు, ఓటరు ఒంటరిగా నిలబడి ఓటు వేసే రోజు వచ్చింది. దాన్ని ఆయన కళ్లతో చూశాడు.

ఆయన పోయాక కుటుంబానికి వింత కష్టం వచ్చింది. కొడుకు హెన్రీ విండ్సర్ విలియర్స్-స్టూవర్ట్‌కు ఎస్టేట్ వచ్చింది, ప్రభువు బిరుదు రాలేదు. తల్లిదండ్రుల పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందని నిరూపించలేకపోయాడు. ఏ పెళ్లి స్వాగతానికి గుమ్మటాల గేటు లేచిందో, ఆ పెళ్లికి రుజువు చాల్లేదు. బిరుదు తండ్రితోనే ఆగిపోయింది. గేటు మాత్రం నిలిచింది.

ఈ కొడుకు కథ కూడా చిన్నది కాదు. మొదట పాదరీగా పనిచేసి, తర్వాత వాటర్‌ఫోర్డ్ ఎంపీ అయ్యాడు. ఈజిప్టు అంటే ప్రాణం. నైలు నది ప్రయాణం మీద 1879లో పుస్తకం రాశాడు. 1882లో అరాబీ పాషాను ఓడించి బ్రిటన్ ఈజిప్టును పట్టుకున్నాక, అక్కడి ఫల్లాహీన్, అంటే పేద ముస్లిం రైతులు ఎలా బతుకుతున్నారో చూసి చెప్పమని ప్రభుత్వం ఆయన్నే పంపింది. ఊరూరా తిరిగి నివేదిక ఇచ్చాడు. ఐరిష్ కౌలుదార్ల మధ్య పెరిగినవాడు నైలు ఒడ్డు కౌలుదార్ల కష్టం రాశాడు. 1895లో విలియర్స్‌టౌన్ రేవులో పడవ ఎక్కుతూ కాలు జారి బ్లాక్‌వాటర్ నదిలో మునిగి చనిపోయాడు.

ఇప్పటికీ తెరిచే ఉంది

20వ శతాబ్దంలో డ్రొమానా వైభవం తగ్గింది. 1960లలో బంగ్లాలో పెద్ద భాగాన్ని కూలగొట్టారు. గేటు కూడా పాడుపడే స్థితికి వచ్చింది. 1958లో ఏర్పడిన ఐరిష్ జార్జియన్ సొసైటీ అనే పరిరక్షణ సంస్థ ముందుకొచ్చి, అదే దశకంలో దాన్ని బాగు చేయించింది. కాపలా కుటుంబాలు ఎప్పుడో పోయాయి. దొర బగ్గీ కోసం, అతిథుల కోసం మాత్రమే తెరుచుకున్న ఆ కమాన్ కింద నుంచి ఇప్పుడు మామూలు రోడ్డు పోతోంది. పాల లారీ, బడి పిల్లల బండి, ఎవరైనా సరే. అడిగేవాడు లేడు.

మన దేశంలోనూ కమాన్లు, దేవిడీలు, దర్వాజాలు చాలా ఉన్నాయి. కొన్నింటిని చూసి గర్వపడతాం, కొన్ని కూలిపోతుంటే బాధపడతాం. వాటిని కట్టించినవాళ్ల పేర్లు ఎలాగూ మిగులుతాయి. డ్రొమానా చరిత్ర గుర్తు చేసేది ఇంకో సంగతి. హెన్రీ విలియర్స్-స్టూవర్ట్‌ను పెద్దవాడిని చేసినది ఆయన గుమ్మటం కాదు, తనది కాని కౌమ్ కోసం నిలబడిన ఒక వేసవి. ఆ వేసవిని సాధ్యం చేసింది, పొలం పోతుందని తెలిసీ దొర ఎదుట గట్టిగా ఆయన పేరు చెప్పిన కౌలుదార్లు. వాళ్ల ఓటు మూడేళ్లకే పోయింది, వాళ్లు తెరిచిన తలుపు మాత్రం మళ్లీ మూతపడలేదు.